ముఖం ఆయనదే, మనిషి ఆయన కాదు

(మాస్టారి స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



మాస్టారు రౌండ్స్‌కి వస్తే కేస్ షీట్ కన్నా ముందు మంచం పక్కన కూర్చున్న మనిషి వంక చూసేవారు. “మీరేమవుతారమ్మా?” అన్నది ఎప్పుడూ మొదటి ప్రశ్న. నిద్ర సంగతి, మందుల సంగతి ఆ తర్వాతే. బంధుత్వం తెలిస్తేనే జబ్బు అర్థమవుతుందని ఆయన నమ్మకం. ఆ ప్రశ్నే తలకిందులయ్యే ఒక జబ్బును ఈరోజు మాట్లాడటానికి ఎంచుకున్నాను. పక్కన కూర్చున్నావిడ “కూతుర్నండీ” అంటుంది. మంచం మీది తల్లి తల అడ్డంగా ఊపి, “కాదు బాబూ, మా అమ్మాయిలాగే ఉంటుంది. మా అమ్మాయి వేరు” అంటుంది.

ఈ మాట విన్న కుటుంబాలు మొదట్లో నవ్వి ఊరుకుంటాయి. నాలుగైదుసార్లు విన్నాక ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. అమ్మకి పిచ్చి పట్టిందని ఒకరంటారు. ఇన్నాళ్ల ప్రేమా ఏమైపోయిందని ఇంకొకరంటారు. గాలి సోకిందని, ఎవరో ఏదో చేయించారని చుట్టాలంటారు. ఈ మూడు మాటలూ తప్పని చెప్పడానికి మన దగ్గర గట్టి ఆధారాలున్నాయి. వంద ఏళ్లుగా పోగైన ఆ ఆధారాలను వీలైనంత ఓపికగా మీ ముందు పెడతాను.

1923లో జోసెఫ్ కాప్‌గ్రా అనే ఫ్రెంచి మానసిక వైద్యుడు, సహాయకుడు రెబూల్-లషోతో కలిసి ఒకావిడ కథను పారిస్‌లోని వైద్యసంఘం పత్రికలో ప్రచురించారు. వ్యాసంలో ఆవిడ పేరు మదామ్ ఎం. అని మాత్రమే ఉంటుంది. వయసు 53. బట్టలు కుట్టి బతికిన మనిషి. కన్న బిడ్డల్లో ఒక్క కూతురే దక్కింది, మిగిలిన వాళ్లంతా పసితనంలోనే పోయారు. వాళ్లు పోయారని ఆవిడ ఒప్పుకోదు. ఎత్తుకుపోయారంటుంది. దక్కిన కూతుర్ని కూడా మార్చేశారంటుంది. మార్చి తెచ్చిన పిల్లనీ మళ్లీ మార్చారట, ఆ పిల్లనీ మార్చారట. అలా ఎంతమంది కూతుళ్లు వచ్చిపోయారో ఆవిడ వేలల్లో లెక్క చెప్పింది. భర్తదీ అదే కథ. ఇంటికి వచ్చే మనిషి ఆయన పోలికలున్న ఇంకెవరో. 1918లో ఆవిడ పోలీసుల దగ్గరికి వెళ్లి, పారిస్ నేలమాళిగల్లో పిల్లల్ని బంధించి ఉంచారు, వచ్చి చూడమని ఫిర్యాదు చేసింది. ఒక తల్లి తన బిడ్డల్ని వెతికించడానికి చేయవలసిన పనే ఆవిడ చేసింది. ఆ బిడ్డలు ఎక్కడున్నారన్న దగ్గరే అంతా తప్పింది.

కాప్‌గ్రా దీనికి పెట్టిన పేరు ఫ్రెంచి నాటకంలోంచి వచ్చింది. 1668 నాటి మొలియేర్ నాటకంలో సోసీ అనే సేవకుడి రూపం వేసుకుని ఒక దేవుడు అతని ఎదుటికే వస్తాడు. అప్పటినుంచి అచ్చు గుద్దినట్టున్న రెండో మనిషిని ఫ్రెంచివాళ్లు సోసీ అంటారు. మనకు ఇది అర్థం కావడానికి 1957 నాటి ‘మాయాబజార్’లో శశిరేఖ స్థానంలో కూర్చున్న మాయాశశిరేఖ చాలు. కథల్లో మాయరూపం ధరించినవాడు ఒకడు నిజంగా ఉంటాడు. ఈ జబ్బులో ఎదురుగా ఉన్నది అసలు మనిషే.

నాకు ఆ 1923 వ్యాసంలో అన్నిటికన్నా విలువైనదిగా తోచేది వైద్యులు చేసిన ఒక పరిశీలన. ఆవిడకు కళ్లు బాగానే కనిపిస్తున్నాయి, ముఖాల పోలికలు ఆవిడకు బాగానే తెలుస్తున్నాయి. పోలిక తెలిసినా దాని వెంట రావలసిన ‘నా మనిషి’ అన్న అనుభూతి రావడం లేదు. దాని బదులు ఏదో కొత్త, ఏదో పరాయితనం తగులుతోంది. ఆ రెంటి మధ్య చిక్కుకున్న మనసు ఒక తీర్పు ఇచ్చుకుంది. మెదడును లోపల చూసే యంత్రం ఏదీ లేని రోజుల్లో మంచం పక్కన కూర్చుని విని పట్టుకున్న విషయం అది. దురదృష్టం ఏమిటంటే, మరుసటి ఏడాదికే కాప్‌గ్రా ఇంకో రోగి కథ రాస్తూ ఈడిపస్ కాంప్లెక్సు వైపు మళ్లారు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు ఇదే వరస. ప్రేమించవలసిన మనిషి మీద మనసు అడుగున ద్వేషం ఉంటుందనీ, ఆ ద్వేషాన్ని ఒప్పుకోలేక మనిషినే నకిలీ చేసి తిట్టుకుంటారనీ పుస్తకాల్లో రాశారు.

ఈ వివరణ వినడానికి లోతుగా ఉంటుంది, కానీ దాని మూల్యం ఇంట్లో వాళ్లు చెల్లించారు. నీ భార్యకి నీమీద లోలోపల ద్వేషం ఉందని ఒక వృద్ధుడికి చెప్పడం ఎంత క్రూరమో ఆలోచించండి. పైగా వాస్తవాలు ఆ వివరణకు లొంగవు. తలకు దెబ్బ తగిలిన మర్నాటినుంచి, పక్షవాతం వచ్చిన వారంలో, మతిమరుపు జబ్బు ముదురుతున్న కొద్దీ ఈ భ్రమ మొదలైన వాళ్లున్నారు. పెంపుడు కుక్కని మార్చేశారన్న వాళ్లున్నారు. ఇల్లు తమ ఇల్లు కాదనీ, అచ్చం అలాగే కట్టిన వేరే ఇల్లనీ అన్న వాళ్లున్నారు. ఇంటిమీదా కుక్కమీదా ఈడిపస్ కాంప్లెక్సు ఎక్కడినుంచి వస్తుంది?

దారి చూపింది ఇంకో జబ్బు. రెండో ప్రపంచయుద్ధంలో తలకు గాయాలైన సైనికులను పరీక్షించిన జర్మన్ నాడీవైద్యుడు యోఆఖిమ్ బోడామర్, 1947లో ముఖాలు గుర్తుపట్టలేని స్థితిని, అంటే ముఖాంధత్వాన్ని, విడిగా వర్ణించి దానికి పేరు పెట్టారు. వీళ్లకు ముక్కు, కళ్లు, నోరు కనిపిస్తాయి. అవన్నీ కలిసి ఎవరన్నది తెలియదు. గొంతు వింటే భార్యని వెంటనే పోల్చుకుంటారు. మెదడు వెనుక భాగం అడుగున ఫ్యూజిఫార్మ్ మడత ఉంటుంది. అది, ముఖ్యంగా కుడివైపుది, దెబ్బతిన్నప్పుడు ఇలా జరుగుతుంది.

1984లో రస్సెల్ బవర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఇలాంటి ఒక రోగికి ఒక పరీక్ష పెట్టారు. ఆ పరీక్ష ఎలా జరుగుతుందో కాస్త దగ్గరగా చూడాలి, మిగిలిన కథంతా దానిమీదే నడుస్తుంది. రోగి చేతికి రెండు చిన్న ఎలక్ట్రోడ్లు తగిలిస్తారు. మనిషికి తెలియనంత స్వల్పమైన కరెంటు వాటి మధ్య పారుతుంది. మనసుకు పట్టే విషయం ఏదైనా ఎదురైతే అరచేతిలో చెమట గ్రంథులు రవ్వంత తెరుచుకుంటాయి. చేయి తడిసినట్టు కూడా అనిపించదు, కానీ చర్మంలో కరెంటు పారడం తేలికై, రెండు మూడు సెకన్లలో తెర మీద గీత లేస్తుంది. అమ్మ ఫొటో చూపిస్తే లేస్తుంది, ముక్కూమొహం తెలియని మనిషి ఫొటోకి లేవదు. మనం కావాలని లేపలేం, ఆపలేం.

బవర్ ఆ రోగికి కుటుంబసభ్యుల ముఖాలు, పేరున్న వాళ్ల ముఖాలు చూపించి, ఒక్కో ముఖానికి ఐదేసి పేర్లు చదివి వినిపించారు. ఆయనకు ముఖం ఎవరిదో తెలియదు. అయినా సరైన పేరు వినిపించినప్పుడు గీత ఎక్కువగా లేచింది. ఊరికే కాకతాళీయమైతే నూటికి ఇరవైసార్లు జరగాలి, ఇక్కడ సుమారు అరవైసార్లు జరిగింది. అంటే ఆయనకు తెలియకుండానే ఆయన శరీరం గుర్తుపడుతోంది. మరుసటి ఏడాది ట్రానెల్, డమాసియోలు వేరే రోగుల్లో ఇలాంటి ఫలితమే చూపించారు. మనిషిని గుర్తుపట్టడం ఒక పని అనుకున్నది కనీసం రెండు పనులుగా విడిపోయింది. ఎవరో తెలియడం ఒకటి, తెలిసినప్పుడు ఒంట్లో కలిగే స్పందన ఇంకొకటి.

హేడన్ ఎల్లిస్, ఆండ్రూ యంగ్ అనే ఇద్దరు బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1990లో ఈ ఫలితాన్ని తిరగేసి చూశారు. మొదటిది పోయి రెండోది మిగిలితే ముఖాంధత్వం. మరి మొదటిది మిగిలి రెండోది పోతే? ముఖం చూస్తే భర్తేనని తెలుస్తుంది. కళ్లజోడు, మీసం, నుదుటి మీది మచ్చ అన్నీ సరిపోతాయి. ఆయన ఎదురైతే ఒంట్లో ఎప్పుడూ కలిగే స్పందన మాత్రం కలగదు. దారిన పోయే మనిషిని చూసినట్టే ఉంటుంది. కాప్‌గ్రా వర్ణించిన భ్రమ, ఇప్పుడు మనం కాప్‌గ్రా భ్రమ అంటున్నది, ఇదే కావచ్చు అన్నారు వాళ్లు. నిజమైతే ఒకటి తేలాలి: ఈ రోగుల చర్మం తెలిసిన ముఖానికీ తెలియని ముఖానికీ తేడా చూపకూడదు.

ఒక ఊహను ముందే కాగితం మీద పెట్టి, అది తప్పయితే తప్పని తేలే పరీక్ష కూడా చెప్పడం నాకు ఎంతో ఇష్టమైన శాస్త్రపద్ధతి. ఏడేళ్లకు, 1997లో, ఎల్లిస్ బృందం ఐదుగురు కాప్‌గ్రా రోగులతో ఆ పరీక్ష చేసింది. పోల్చడానికి అవే తరహా మందులు వాడుతున్న ఐదుగురు మానసిక రోగుల్నీ, ఏ జబ్బూ లేని ఐదుగుర్నీ పెట్టుకుంది. కాప్‌గ్రా రోగుల చర్మం తెలిసిన ముఖానికీ తెలియని ముఖానికీ మధ్య తేడా చూపలేదు. వాళ్లకు శబ్దాలు వినిపిస్తే మాత్రం గీత మామూలుగానే లేచింది. చెమట గ్రంథులూ బాగున్నాయి, నరాలూ బాగున్నాయి. తెలిసిన ముఖాలకు స్పందించే చోటే పని ఆగింది.

ఆ ఏడాదే మన పొరుగు తమిళనాట పుట్టి, మద్రాసు స్టాన్లీ కాలేజీలో వైద్యం చదివి, కాలిఫోర్నియాలో పనిచేస్తున్న వి.ఎస్. రామచంద్రన్, విలియం హిర్‌స్టీన్‌తో కలిసి ఇంకో రోగి కథ ప్రచురించారు. రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి వారాల పాటు కోమాలో ఉండి లేచిన యువకుడు. మాటా, తెలివీ తిరిగొచ్చాయి. తల్లిదండ్రుల్ని చూస్తే మాత్రం నకిలీ మనుషులంటాడు. అదే తండ్రి ఫోన్‌లో మాట్లాడితే ఏ అనుమానం లేకుండా నాన్నా అని కబుర్లు చెబుతాడు. కంటి నుంచి భావోద్వేగాలతో ముడిపడ్డ అమిగ్డలా ప్రాంతానికి వెళ్లే దారి తెగింది, చెవి నుంచి వెళ్లేది తెగలేదు అని రామచంద్రన్ వివరణ. దీనికి జోడు 2001లో దొరికింది. ఎల్లిస్ ఉన్న బృందమే పరీక్షించిన ఒక రోగికి తెలిసిన ముఖానికి చర్మం స్పందిస్తుంది, తెలిసిన గొంతుకు స్పందించదు. ఆ రోగి భ్రమ కూడా గొంతుకు సంబంధించినదే. చూపు లేనివాళ్లలోనూ ఈ భ్రమ ఎలా వస్తుందన్న చిక్కుముడి దీంతో కొంత విడింది.

ఈ ఫోన్ సంగతి పుస్తకంలో చదవడం వేరు, ఇంట్లో చూడడం వేరు. గోదావరి వైపు నుంచి నా దగ్గరికి వచ్చిన ఒక జంట గురించి గుర్తులు తెలియకుండా మార్చి చెబుతాను. ఇద్దరూ డెబ్బై దాటినవాళ్లు. పెళ్లయిన దగ్గరనుంచి ఆవిడ ఆయన్ని “ఏవండీ” తప్ప ఇంకో పిలుపు పిలిచి ఎరగదు. ఒకరోజు పొద్దున కాఫీ గ్లాసు చేతికిస్తూ “తీసుకోండి బాబూ” అంది. మర్నాడు ఆయన గదిలోకి రాగానే లేచి నిలబడి పైట సర్దుకుంది. రాత్రిళ్లు వంటింట్లో చాప వేసుకుని లోపల గడియ పెట్టుకుని పడుకోవడం మొదలుపెట్టింది. పరాయి మగవాడున్న గదిలో పడుకోకూడదు కదా. భోజనాల వేళ ఆయనకి మర్యాదగా వడ్డిస్తుంది. “ఆయన వస్తారు” అని ఇంకో కంచంలో అన్నం తీసి మూత పెడుతుంది. ఒకసారి ఆయన మందుల దుకాణం నుంచి ఫోన్ చేశారు. ఆవిడ గొంతు తగ్గించి, “ఏవండీ, ఎక్కడున్నారు? తొందరగా రండి. ఇంట్లో ఎవరో పెద్దమనిషి ఉంటున్నాడు, పొమ్మనలేక చస్తున్నాను” అంది.

నా ముందు కూర్చుని ఆయన ఇది చెబుతున్నప్పుడు ఆయన్ని కుంగదీసింది గడియ కాదు, కంచం కాదు. “నన్ను చూసి పైట సర్దుకుందండీ” అన్నదే పదే పదే అన్నారు. ఆయనకు నేను చెప్పగలిగింది ఒకటే: ఆవిడ చేస్తున్న ప్రతి పనీ మీమీద ఉన్న గౌరవం వల్లే చేస్తోంది. ఆవిడ కాపురాన్ని కాపాడుకుంటోంది, ఆవిడకు తెలిసినంత మేరకు అది మీ కోసమే.

ఈ భ్రమ ఎక్కువగా అతి దగ్గరి వాళ్ల మీదే ఎందుకు పడుతుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. పాలబ్బాయిని చూసినప్పుడు మన ఒంట్లో పెద్దగా ఏ స్పందనా ఉండదు కాబట్టి, అది పోయినా తేడా పట్టదు. భర్త ఎదురైనప్పుడు అది ఉండాలి. ఉండవలసిన చోట లేకపోతేనే ఖాళీ తెలుస్తుంది. ఎంత దగ్గరి మనిషైతే అంత పెద్ద ఖాళీ. ప్రేమ పోయిందనుకుని కుమిలిపోయే కూతుళ్లకీ భర్తలకీ ఈ ముక్క ఒక్కటైనా చేరాలని నా తాపత్రయం.

ఇక్కడితో ఆపితే కథ అందంగా ముగుస్తుంది. పత్రికల్లో, టీవీ కార్యక్రమాల్లో సాధారణంగా ఇక్కడే ఆపుతారు. కానీ ఇది సగమే. 1995లో ట్రానెల్, డమాసియోలు ఫ్రాంటల్ లోబ్ అడుగు భాగం, కళ్ల మధ్యకు పైన ఉండే చోటు, రెండువైపులా దెబ్బతిన్న రోగుల్ని పరీక్షించారు. వాళ్లు తెలిసిన ముఖాలను గుర్తుపడతారు, చర్మం మాత్రం స్పందించదు. ఎల్లిస్, యంగ్ లెక్క ప్రకారం వీళ్లకి కాప్‌గ్రా భ్రమ రావాలి. రాలేదు. భార్యని భార్య అనే అన్నారు. స్పందన పోవడం ఒక్కటే చాలదని ఆ రోగులు తేల్చారు.

నిజానికి ఇది మన అందరి అనుభవంలోనూ ఉంది. బాగా అలసిపోయినప్పుడు, జ్వరంలో, పెద్ద దుఃఖంలో ఉన్నప్పుడు సొంత మనుషులే కొత్తగా, దూరంగా అనిపిస్తారు. ఏమిటిలా ఉందని అనుకుని, నాకే ఏదో అయిందని సర్దుకుంటాం. ఇంత చిన్న అనుమానానికి ఇంత పెద్ద కథ కట్టడం కుదరదని మెదడులో ఏదో తోసిపుచ్చుతుంది. ఆస్ట్రేలియాలో మాక్స్ కోల్తార్ట్, రాబిన్ లాంగ్డన్, వాళ్ల సహచరులు ఈ తోసిపుచ్చే పని దెబ్బతినడానికి రెండో కారణం అని స్థానం ఇచ్చారు. మొదటి కారణం వింత ఆలోచన పుట్టేలా చేస్తుంది. రెండో కారణం ఆ ఆలోచనను కొట్టేయనివ్వదు. కాప్‌గ్రా భ్రమకు రెండూ కావాలి. ఈ తోసిపుచ్చే పని ఎక్కువగా కుడివైపు ఫ్రాంటల్ లోబ్ మీద ఆధారపడుతుందని రోగుల స్కాన్లు సూచిస్తున్నాయి.

దీనికి అలెగ్జాండర్, స్టస్, బెన్సన్ 1979లో ప్రచురించిన ఒక రోగి కథ కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. 44 ఏళ్ల మనిషి, తలకు పెద్ద దెబ్బ తగిలి కుడి ఫ్రాంటల్ భాగం బాగా దెబ్బతింది. తన భార్య, ఐదుగురు పిల్లలు మారిపోయారనీ, వాళ్ల స్థానంలో అచ్చం అలాగే ఉన్న ఇంకో భార్య, ఇంకో ఐదుగురు పిల్లలు వచ్చారనీ అంటాడు. కొత్త భార్య మీద కోపం లేదు, పాత భార్య వదిలిపోయిందన్న బాధ కూడా లేదు. వైద్యులు ఆయన్ని నిలదీశారు. రెండు కుటుంబాల్లోనూ పిల్లల సంఖ్య ఒకటేనా, పోలికలు ఒకటేనా, ఇది ఎలా సాధ్యం అని అడిగారు. నమ్మడం కష్టమైన కథే అని ఆయనే ఒప్పుకున్నాడు. ఇంకెవరైనా ఇదే కథ వచ్చి చెబితే తాను కూడా నమ్మనన్నాడు. అయినా తన కుటుంబం మారిపోయిందన్న మాట మీదే ఉన్నాడు. తర్కం ఆయనలో చెక్కుచెదరలేదు. ఆ తర్కం తన నమ్మకాన్ని తాకలేకపోయింది. ఆధార్ కార్డులు, పెళ్లి ఫొటోలు తెచ్చి ముందు పరిచే కుటుంబాలకు నేను ఈయన కథే చెబుతాను. ఎన్ని రుజువులు తెచ్చినా, వాటిని తూచి తీర్పు మార్చవలసిన యంత్రాంగమే దెబ్బతిని ఉంది.

2017లో ర్యాన్ డార్బీ, మైఖేల్ ఫాక్స్ బృందం బోస్టన్ నుంచి ప్రచురించిన పరిశోధన ఈ రెండు ముక్కల్నీ ఒకచోటికి తెచ్చింది. మెదడులో మచ్చపడి ఇలాంటి భ్రమలు వచ్చిన 17 మంది రోగుల్ని పాత వైద్య నివేదికల నుంచి పోగుచేశారు. మచ్చలు ఒక్కొక్కరికి ఒక్కోచోట ఉన్నాయి, పైకి చూస్తే పొంతనే లేదు. ఆరోగ్యవంతులైన వెయ్యిమంది స్కాన్ల ఆధారంగా తయారైన మెదడు అనుసంధానాల పటం మీద ఒక్కో మచ్చనూ పెట్టి, ఆ చోటు ఎక్కడెక్కడికి ముడిపడి ఉందో చూశారు. 17 మచ్చలూ మెదడు వెనుక మధ్యభాగంలోని ఎడమ రెట్రోస్ప్లీనియల్ ప్రాంతానికి ముడిపడ్డాయి. పరిచయమైనదా కాదా అని తేల్చే పనిలో చురుగ్గా పాల్గొనే ప్రాంతం అది. వాటిలో 16 మచ్చలు కుడి ఫ్రాంటల్ లోబ్ కింది భాగానికి కూడా ముడిపడ్డాయి. ఎదురైంది మనం ఊహించినదానికి విరుద్ధంగా ఉన్నప్పుడు పట్టుకునే ప్రాంతం అది. భ్రమ ఏదో ఒక్క ముక్కలో లేదు. ఆ రెంటినీ కలిపే వలయం ఎక్కడ తెగినా ఇది రావచ్చు. జబ్బుకు ఒక చోటు వెతికే మా వైద్యుల పాత అలవాటును ఈ పరిశోధన మార్చిందని నేను అనుకుంటాను.

ఈ కుటుంబంలో ఇంకా కొన్ని భ్రమలున్నాయి. 1927లో కూర్బోన్, ఫెయిల్ వర్ణించినదానికి ఫ్రెగోలి అని పేరు. నిమిషాల్లో వేషాలు మార్చే ఇటాలియన్ నటుడు లియొపోల్డో ఫ్రెగోలి పేరది. వాళ్ల రోగి 27 ఏళ్ల యువతి. సారా బెర్న్‌హార్ట్ వంటి నటీమణులు దారిన పోయే అపరిచితుల వేషాల్లో తన వెంట పడుతున్నారని ఆమె నమ్మకం. కాప్‌గ్రాలో తెలిసిన ముఖం వెనక పరాయి మనిషి ఉంటాడు, ఇక్కడ పరాయి ముఖం వెనక తెలిసిన మనిషి. స్పందన తగ్గితే మొదటిది, అవసరం లేనిచోట పెరిగితే రెండోది అని ఒక వివరణ. మతిమరుపు జబ్బులో కొందరు అద్దంలోని తమ ప్రతిబింబాన్నే వేరే మనిషి అనుకుని పలకరిస్తారు, కొన్నిసార్లు భయపడతారు. ఇళ్లలో అద్దాలకు గుడ్డ కప్పడం ఇందుకే. వీటిలోకి లోతుగా పోవడానికి ఈ సాయంత్రం సమయం చాలదు.

ఇక మన సంగతి. పాత పుస్తకాల్లో ఈ భ్రమ స్కిజోఫ్రీనియా పేజీల్లో ఉండేది. ఇప్పుడు మన క్లినిక్కులకు ఎక్కువగా వృద్ధులతో వస్తోంది. అమెరికాలోని మేయో క్లినిక్ 2007లో 47 మంది కాప్‌గ్రా రోగుల వివరాలు ప్రచురించింది. వాళ్లలో 38 మందికి మెదడు కణాలు క్రమంగా క్షీణించే జబ్బులున్నాయి, అందులోనూ ఎక్కువమందికి లెవీ బాడీ డిమెన్షియా. ఈ పేరు మన ఊళ్లలో అంతగా వినిపించదు. చూపిస్తే గుర్తుపడతారు: నడక నెమ్మదిస్తుంది, చేతులు బిగుసుకుంటాయి, నిద్రలో కలకు తగ్గట్టు చేతులూ కాళ్లూ ఝాడిస్తారు, ఒకరోజు బాగా మాట్లాడి మర్నాడు మగతగా ఉంటారు, గదిలో చిన్నపిల్లలో జంతువులో తిరుగుతున్నట్టు స్పష్టంగా చూస్తారు. దయ్యాలు కనిపిస్తున్నాయని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లేది ఎక్కువగా వీళ్లనే. తాయెత్తు కడితే నష్టం లేదు. ఎండలో నిలబెట్టినా, ఉపవాసం పెట్టినా, కొట్టినా ప్రాణం మీదికి వస్తుంది.

పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లలో ఈ జబ్బు ఇంకో రకంగా బయటపడుతుంది. డాలస్ నుంచి కొడుకు రోజూ వీడియో కాల్ చేస్తాడు, అమ్మ బాగానే మాట్లాడుతుంది. రెండేళ్లకు సెలవు దొరికి గుమ్మంలోకి అడుగుపెడితే “ఎవరు నాయనా?” అంటుంది. అంత దూరం నుంచి వచ్చిన మనిషికి అది ఎలా ఉంటుందో వేరే చెప్పాలా. ఆ అబ్బాయికి నేను ఇచ్చే సలహా చాలా చిన్నది. ఎదుటపడక ముందే పక్క గదిలోంచి, గుమ్మం బయటి నుంచి మాట్లాడండి. చిన్నప్పటి పిలుపుతో పిలవండి. గొంతు దారి చెడకుండా ఉంటే అది ముందు పనిచేస్తుంది, ముఖం తర్వాత వచ్చినా కొందరు ఒప్పుకుంటారు. అందరికీ పనిచేయదు, కొందరికి పనిచేస్తుంది. ఒప్పుకోకపోతే వాదించకండి. కాసేపు బయటికి వెళ్లి, చొక్కా మార్చుకుని మళ్లీ రండి. “మా అబ్బాయి ఎక్కడ?” అని అడిగితే “నేనే” అని గొడవ పడేకన్నా, అబ్బాయి గురించి చెప్పమ్మా అని అడిగి వినండి. ఆవిడ చెప్పేది మీ గురించే.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. నకిలీ మనిషి తన వాళ్లని ఏదో చేశాడని నమ్మినవాళ్లు కొన్నిసార్లు ఆ మనిషి మీద తిరగబడతారు. మందలించినా, రెచ్చగొట్టినా అది పెరుగుతుంది. భయం, కోపం కలిసి కనిపిస్తుంటే కత్తిపీటలు, కొడవళ్లు కంటికి అందనిచోట పెట్టండి. రాత్రిపూట రోగిని ఒంటరిగా వదలకండి. రోగి నకిలీ అంటున్న మనిషే ఒంటరిగా సేవ చేయవలసిన పరిస్థితి రాకుండా ఇంకొకరిని తోడు పెట్టండి. ఆ సంరక్షకుడికి వారంలో ఒక పూటైనా విశ్రాంతి ఇవ్వండి.

పి.జి. విద్యార్థులకు రెండు మాటలు. ఈ భ్రమ గురించి ఇంట్లో వాళ్లు తమంత తాము చెప్పరు. ‘అమ్మ నన్ను కూతురు కాదంటోంది’ అని నలుగురి ముందు చెప్పడానికి సిగ్గు, నొప్పి. మీరే అడగాలి, రోగి లేనిచోట అడగాలి. అకస్మాత్తుగా మొదలైతే ముందు మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం, షుగర్, థైరాయిడ్, బి12 చూడండి, కొత్తగా రాసిన మందుల జాబితా చూడండి, తల స్కాన్ తీయించండి. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది, చికిత్సతో భ్రమ పూర్తిగా తగ్గిన వాళ్లున్నారు.

లెవీ బాడీ అనుమానం ఉన్న రోగికి హాలోపెరిడాల్ ఇవ్వకండి. మన క్యాజువాల్టీల్లో రాత్రి కేకలు వేసే ముసలాయన వస్తే చేతికి ముందు అందేది ఆ ఇంజెక్షనే. ఈ జబ్బులో అది ఒళ్లు కర్రలా బిగుసుకుపోయేలా చేస్తుంది, స్పృహ తప్పిస్తుంది, ప్రాణం కూడా తీయగలదు. రివాస్టిగ్మిన్, డోనెపెజిల్ వంటి మందులు చాలామందికి భ్రమల్నీ భ్రాంతుల్నీ తగ్గిస్తాయి, ముందు వాటిని ఆలోచించండి. ఇంకో మందు తప్పనిసరైతే అతి తక్కువ మోతాదులో, కనిపెట్టుకుని ఉండి ఇవ్వండి. ఆ రోగి ఫైలు మొదటి పేజీ మీద, లోపలి పేజీల్లో కాదు, హాలోపెరిడాల్ ఇవ్వకూడదని పెద్ద అక్షరాలతో రాసి పంపండి. కుటుంబం చేతికి కూడా ఒక కాగితం మీద తెలుగులో రాసి ఇవ్వండి. రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు ఫైలు తెరవకపోయినా, ఆ కాగితం పట్టుకున్న కొడుకు చూపించగలడు.